రౌతు బరువు పన్నెండు కిలోలు

కిల్లో డొంబురుకు ప్రభుత్వం వారి దగ్గర్నుంచి వచ్చిన మొదటి ఉత్తరం అతని పేరు మీద రాలేదు, అతని గుర్రం పేరు మీద వచ్చింది. "అశ్వం నెంబరు ఏడు, మిరియం. సంరక్షకుడు: కిల్లో డొంబురు, బొండాగుడ" అని కవరు మీద టైపు కొట్టి ఉంది. పోస్టుమాను దాన్ని ఎవరికివ్వాలో తేల్చుకోలేక కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. గుర్రం చేత సంతకం పెట్టించడం ఎలాగో తెలియక చివరికి డొంబురు చేత వేలిముద్ర వేయించుకుని దిగిపోయాడు.

మిరియం నల్లటి పొట్టి కొండగుర్రం. పదకొండేళ్ళ నుంచి మిరియాల బస్తాలు మోస్తోంది. కొత్తవాళ్ళు దగ్గరికొస్తే చెవులు వెనక్కి పెట్టి కొరుకుతుంది. అందువల్ల పేరు రెండు విధాలా సరిపోయింది. డొంబురుకు దానిమీద ఉన్న ప్రేమ ఎంతటిదంటే, అతని పెళ్ళాం రస్మో ఏదైనా పని చెప్పాలంటే ముందు గుర్రాన్ని మెచ్చుకుని ఆ తరవాత చెప్పేది.

బొండాగుడ కొండ మీద ఉంది. సంత జరిగే చింతలకొండ కిందుంది. మధ్యన నాలుగు కిలోమీటర్ల కాలిబాట. పైనుంచి మిరియాలు, కాఫీ గింజలు, రోగులు ఆ బాట వెంటే దిగాలి. కిందనుంచి ఉప్పు, కిరసనాయిలు, ఓట్లడిగేవాళ్ళు ఆ బాట వెంటే ఎక్కాలి. మూడేళ్ళ కిందట పట్నం వాళ్ళకు ఆ బాట అందంగా కనపడింది. గుర్రమెక్కి మేఘాల మెట్ట దాకా పోయి ఫొటోలు తీసుకోవడం మొదలెట్టారు. ఊళ్ళో ఉన్న ఏడు గుర్రాలకూ పని దొరికింది.

ఎక్కుడులో మనిషి గుర్రం మీద ఉంటాడు. దిగుడులో మాత్రం ఎంతటివాడైనా దిగి నడవాల్సిందే. అది బొండాగుడ కట్టుబాటు. దిగుడులో బరువు పడితే గుర్రం మోకాళ్ళు పోతాయి. గుర్రంవాడు గుర్రానికి ముందు నడుస్తాడు, కాలు జారితే తన వీపు అడ్డం పెట్టడానికి. అతని నడుముకు ఒక చిన్న మూట ఉంటుంది. అందులో ఇంత పసుపు, చిన్న సీసాలో వేపనూనె, పాత నూలుచీర ముక్క, కత్తి, అగ్గిపెట్టె ఉంటాయి. భుజాన ఆనపబుర్రలో అంబలి. తాతల కాలం నుంచి ఆ బాట మీద మనుషులూ గుర్రాలూ ఆ మూటతోనే బతికారు.

పోయిన చలికాలంలో, పదవీ విరమణ చేసిన ఒక పెద్ద అధికారి మిరియం ఎక్కి వెళుతుండగా పిక్క మీద రేగుముల్లు గీరుకుంది. "ప్లాస్టర్ ఉందా?" అని అడిగాడాయన. డొంబురు దారి పక్కన ఆకు తెంపి అరచేతిలో నలిపి పసరు పిండాడు. మెట్ట చేరేలోగా నెత్తురు ఆగింది. దాంతో మామూలు మనిషైతే మరిచిపోయేవాడు. ఆయన ముప్పై నాలుగేళ్ళు సర్వీసు చేసిన మనిషి కాబట్టి మరిచిపోలేదు. ఇంటికి వెళ్ళి పదకొండు పేజీల నివేదిక రాశాడు.

దాని ఫలితమే ఆ ఉత్తరం. అశ్వం నెంబరు ఏడు తన సంరక్షకుడితో సహా సాహసయాత్రల భద్రతా విభాగం వారి చింతలకొండ కార్యాలయానికి హాజరు కావలసిందని అందులో ఉంది.

కార్యాలయంలో సహాయ భద్రతాధికారి పరాంకుశం గారు కూర్చుని ఉన్నారు. సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ ఏదో పడిపోబోతోందన్నట్టు చూసే మనిషి. జీవితంలో గుర్రం ఎక్కలేదు. ఒకసారి పెళ్ళిలో ఎక్కమంటే కారెక్కారట.

"డొంబురూ! ఇందుమూలంగా నీకు తెలియజేసేదేమిటంటే, ఇకపై ప్రతి గుర్రమూ ప్రాథమిక చికిత్స, మనుగడ సామగ్రి గల పెట్టెను విధిగా మోయాలి. పెట్టె లేని గుర్రానికి మెడలో కట్టే అనుమతి బిళ్ళ లేదు. బిళ్ళ లేని గుర్రం ఆ బాట మీద అడుగు పెట్టరాదు. అర్థమైందా?"

"బాట మాదే కదా బాబూ. సంతకెల్లాలన్నా అదే దారి."

"బాట నీదే. దాని భద్రత మాది" అన్నారు పరాంకుశం గారు, ఉదారంగా.

మొదటి జాబితాలో పద్నాలుగు వస్తువులే ఉన్నాయి. దూది, గుడ్డపట్టీలు, కత్తెర, అయోడిన్, ముల్లు తీసే శ్రావణం, టార్చిలైటు, ఈల ఇలాంటివి. అన్నీ ఒక చేతిసంచీలో పట్టాయి. మంచి జాబితా అది. డొంబురుకు కూడా నచ్చింది. ముఖ్యంగా ఈల నచ్చింది.

ఆ జాబితా అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కాని దాన్ని ఒక సంఘానికి పంపారు. సంఘంలో తొమ్మిది శాఖల వాళ్ళున్నారు. తొమ్మిది శాఖల వాళ్ళు ఒక జాబితా ముందు కూర్చుని, తమ శాఖ తరఫున ఒక్క వస్తువైనా చేర్చకుండా లేస్తే, ఆ శాఖ ఎందుకున్నట్టు? అగ్నిమాపక శాఖ వారు మంటలార్పే సిలిండరు చేర్చారు. నీటివనరుల వారు, దారిలో ఒక గెడ్డ ఉందని విని, రెండు లైఫ్‌జాకెట్లు చేర్చారు. ఆ గెడ్డలో నీళ్ళు చీలమండ దాటవు. తుఫాను సహాయ విభాగం వారు సైరను, టార్పాలిను, వంద అడుగుల తాడు చేర్చారు. పౌరసరఫరాల వారు దారి తప్పిన మనిషికి ఏడు రోజులకు సరిపడా ఎండు ఆహారం చేర్చారు. బాటకు రెండు చివర్లా ఊళ్ళున్నాయి, మధ్యలో టీ బడ్డీ ఉంది, దారి తప్పాలంటే కష్టపడాలి. జాబితాకు నమూనాగా ఏదో చలిదేశం నుంచి తెప్పించిన కాగితంలో మంచు తవ్వుకునే పార ఉంటే, అది కూడా అలాగే దిగింది.

మంచు పార తీసేద్దామని ఒకాయన అన్నాడు. పరాంకుశం గారు లేచి నిలబడ్డారు.

"తీసెయ్యవచ్చు. కాని రేపు మంచు కురిస్తే బాధ్యత ఎవరిది?"

తొమ్మిది శాఖల వాళ్ళూ ఎవరి కాగితాలు వాళ్ళు సర్దుకున్నారు. పైగా ఆ ఫారంలో 'చేర్పులు' అన్న గడి ఉంది తప్ప 'తీసివేతలు' అన్న గడి లేదు. పార నిలిచింది.

నూట పన్నెండు వస్తువులు అయ్యాయి. వాటికి అంచులకు ఇనుప రేకు కొట్టిన చెక్కపెట్టె చేయించారు. లోపలి వస్తువులు పోకుండా తాళం వేసి, తాళం మీద లక్క సీలు వేశారు. సీలు తీయాలంటే ముగ్గురు సభ్యుల సంఘం సమక్షంలో, ప్రమాదం జరిగిందని రుజువయ్యాక తీయాలి. అంతా కలిపి కాటాలో పెడితే యాభై ఎనిమిది కిలోలు తూగింది.

సరిగ్గా అదే వారం పశువైద్యురాలు హైమవతమ్మ నిజాయితీగా తన పని తాను చేసింది. గుర్రాలను కొలిచి, తూచి, పళ్ళు చూసి, ఈ కొండగుర్రం మీద డెబ్బై కిలోలకు మించి వేయకూడదని రాసింది. ఆమె రాసినది ముమ్మాటికీ నిజం. పరాంకుశం గారు దాన్ని ఎంతో గౌరవంగా ఫైలులో పెట్టి, డెబ్బైలోంచి యాభై ఎనిమిది తీసేశారు.

మర్నాడు బాట మొదట్లో బోర్డు వెలిసింది.

'రౌతు బరువు పన్నెండు కిలోలకు మించరాదు. రౌతు వయసు పన్నెండేళ్ళకు తగ్గరాదు.'

వచ్చిన పట్నం వాళ్ళు బోర్డు చదివి, నవ్వి, మళ్ళీ చదివి, నవ్వు మానేసేవాళ్ళు. ఒకాయన తన భార్యను ఎగాదిగా చూసి, చూసినందుకు ఇంటికి వెళ్ళేదాకా మాటలు పడ్డాడు.

రస్మో సంతకొచ్చినప్పుడు కార్యాలయానికి వెళ్ళింది. ఆమెకు భయం తక్కువ. "ఒక గుర్రం మీద మడిసి, ఇంకో గుర్రం మీద పెట్టె పెడితే పోదేటి బాబూ?" అని అడిగింది.

పరాంకుశం గారి ముఖం వెలిగింది. కాగితం తీసుకున్నారు. రెండో గుర్రం పెట్టె మోస్తుంది, సరే. కాని రెండో గుర్రం కూడా బాట మీద నడిచే గుర్రమే. ప్రతి గుర్రానికీ ఒక పెట్టె విధి. కాబట్టి రెండో గుర్రానికి తన పెట్టె తనకుండాలి. ఆ పెట్టె, ఈ పెట్టె కలిస్తే బరువు మించుతుంది. కాబట్టి దాని పెట్టెను మూడో గుర్రం మోయాలి. మూడోది కూడా గుర్రమే. ఆయన ఏడో గుర్రం దాకా వెళ్ళి, ఊళ్ళో ఇంక గుర్రాలు లేవని గుర్తొచ్చి, కలం కింద పెట్టారు. స్పష్టత కోరుతూ పై కార్యాలయానికి రాశారు. నెల తరవాత జవాబు వచ్చింది: 'గుర్రమునకు ఒక పెట్టె. ఇందు సందేహమునకు తావు లేదు.'

అప్పుడు పరాంకుశం గారికి ఆలోచన వచ్చింది. ఇలాంటి ఆలోచనలు వచ్చినవాళ్ళకే పదోన్నతులు కూడా వస్తాయి. రౌతుకు అనుమతి లేకపోయినంత మాత్రాన యాత్ర ఆగాలని ఎక్కడా లేదు. గుర్రం పెట్టెను మోస్తుంది. యాత్రికుడు గుర్రం వెనక నడుస్తాడు. నిబంధన ఒక్కటి కూడా తప్పదు.

అలా గుర్రపు స్వారీ యాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. రోజూ పొద్దున మిరియం మీద పెట్టె ఎక్కేది. వెనక పట్నం వాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని, మోకాళ్ళకు తొడుగులు కట్టుకుని నడిచేవాళ్ళు. గుర్రం మీంచి ఎవరూ పడలేదు. పడే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. రిజిస్టరులో 'ప్రమాదములు' అన్న గడిలో పరాంకుశం గారు ప్రతి సాయంత్రం అందమైన సున్నా ఒకటి చుట్టేవారు. సున్నా చుట్టడంలో ఆయన చెయ్యి బాగా తిరిగింది.

డొంబురుకు మాత్రం దిగుడు భయం పట్టుకుంది. మనిషైతే దిగుడులో దిగుతాడు. పెట్టె దిగదు. ఎక్కుడైనా దిగుడైనా వీపు మీదే ఉంటుంది. మనిషి గుర్రంతోపాటు ఊగుతాడు, పెట్టె ఊగదు. మూడో వారానికి, ఇనుప రేకు మూల ఒరుసుకుని మిరియం వీపు మీద వెంట్రుకలు ఊడాయి. నాలుగో వారానికి తోలు లేచింది. డొంబురు గోనెసంచీ మడిచి పెట్టె కింద పెట్టాడు. పరాంకుశం గారు తనిఖీకి వచ్చి దాన్ని లాగి చూశారు.

"ఇది జాబితాలో లేదు."

"గుర్రానికి ఒత్తుకుపోతంది బాబూ."

"అర్థమైంది. కాని ఇది ముప్పావు కిలో ఉంది. రేపు పన్నెండు కిలోల రౌతు వస్తే అతనికి అన్యాయం కాదా?"

గోనెసంచీతోపాటు డొంబురు నడుము మూట కూడా బయటపడింది. పసుపు, నూనె, చీరముక్క, కత్తి. పరాంకుశం గారు వాటిని బల్ల మీద పరిచి, 'అనధికార చికిత్సా సామగ్రి' అని రాసి కాగితంలో చుట్టారు. కత్తి ఉంచేసుకుని, మిగతావి మందలించి తిరిగిచ్చారు.

డొంబురు రాత్రి రాసిన పసుపూ వేపనూనే పొద్దున పెట్టె కింద ఒరుసుకుపోయేవి. అయిదో వారానికి పుండు అరచేతంత అయింది. మిరియం జీను చూస్తేనే వణికేది. కొరకడం మానేసింది. డొంబురుకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది దానికే. పుండు వెన్నెముక దాకా దిగితే గుర్రం ఇంక లేవదు. వాళ్ళ నాన్న గుర్రం అలాగే పోయింది. అతను కార్యాలయానికి వెళ్ళి, జీవితంలో మొదటిసారి చేతులు జోడించి అడిగాడు.

"బాబూ, పెట్టెలో మందుంది కదా. కొంచెం రాయనీండి. గుర్రం సచ్చిపోతాది."

పరాంకుశం గారు క్రూరులేమీ కారు. జాబితా తీసి వెతికారు. "ముప్పై ఏడో వస్తువు, పుండ్లకు పూత మందు. ఉంది. కాని ఇది రౌతుకు. రౌతు అంటే గుర్రం పైనున్న వ్యక్తి. నీ గుర్రం గుర్రం పైన లేదు."

"నాను గుర్రమెక్కి, నా సేతికి పూసుకుని, ఆ సెయ్యి గుర్రానికి రాస్తే?"

"నీ బరువెంత?"

"నలబయ్యెనిమిది."

పరాంకుశం గారు బాధగా తల అడ్డంగా ఊపారు.

"పోనీ నాలుగు రోజులు ఇంటికాడ కట్టీసుకుంటాను."

"రెండు రోజులు రాకపోతే బిళ్ళ రద్దు. బిళ్ళ పోతే ఆ బాట మీద గుర్రం నడవదు. నీ మిరియాలు నెత్తిన పెట్టుకుని సంతకు పోవాలి. అన్నీ ఆలోచించుకో. నీ మంచి కోరి చెబుతున్నాను."

నిజంగానే ఆయన మంచే కోరి చెప్పారు. అదే డొంబురుకు ఒళ్ళు మండించింది.

హైమవతమ్మ వచ్చి పుండు చూసి పెట్టె వెంటనే దించాలని రాసిచ్చింది. ఆ కాగితాన్ని పరాంకుశం గారు ఎంతో గౌరవంగా ఫైలులో పెట్టారు. వందో యాత్ర అయ్యాక పరిశీలిస్తామన్నారు. ఎందుకంటే వందో యాత్రకు కమిషనర్ జగదానంద్ గారు స్వయంగా వస్తున్నారు. వంద యాత్రలు, ఒక్క ప్రమాదం లేదు. ఇలాంటిది దేశంలో ఎక్కడా లేదట. ఉండే అవకాశం కూడా తక్కువే.

వందో యాత్ర రోజున బాట మొదట్లో మామిడాకులు కట్టారు. సన్నాయి పెట్టారు. వంద నిండాలని డొంబురు అప్పటికి తొంభై తొమ్మిది యాత్రలు లెక్కపెట్టి ఓర్చుకున్నాడు. ఆ ఒక్కటీ అయితే పెట్టె దిగుతుందని రస్మోకు చెప్పాడు, గుర్రానికి కూడా చెప్పాడు.

కమిషనర్ గారు మోకాళ్ళ దాకా వచ్చే కొత్త తోలు బూట్లు, నెత్తిన టోపీ వేసుకుని దిగారు. ఒక్క ఫొటో గుర్రం మీద కూర్చుని దిగాలని ఆయన కోరిక. పరాంకుశం గారు బోర్డు వైపు చూశారు. కమిషనర్ గారు కూడా చూశారు. ఆయన తొంభై రెండు కిలోలు. కింద ఉన్న సంతకం ఆయనదే.

"నడుద్దాం" అన్నారు కమిషనర్ గారు. "ప్రజలతోపాటు నడవడంలో ఉన్న తృప్తి వేరు."

మెట్ట దాకా బాగానే ఎక్కారు. మూడుసార్లు కూర్చున్నారు, ఉపన్యాసం ఒకసారే ఇచ్చారు. దిగుడులో, టీ బడ్డీకి కాస్త ఎగువన, నున్నటి రాయి మీద కొత్త బూటు జారింది. కమిషనర్ గారు నిలుచున్న చోటే మరోసారి కూర్చున్నారు, ఈసారి చాలా జోరుగా. చీలమండ చూస్తుండగానే ఉబ్బింది.

"పెట్టె తెరవండి!" అని అరిచారు.

పరాంకుశం గారు పుస్తకం తెరిచారు.

"సార్, మనవి. ప్రమాదం అంటే రౌతు గుర్రం మీంచి పడుట. తమరు గుర్రం మీంచి పడలేదు. తమరు రౌతు కారు. కనుక ఇది ప్రమాదం కాదు, సార్. అభినందనలు."

"నొప్పిగా ఉందయ్యా!"

"ఉంటుంది సార్. దాన్ని ఎవరూ కాదనరు. పైగా సీలు తీయడానికి ముగ్గురు సభ్యులుండాలి. ఒకరు నేను. ఒకరు తమరు. మూడో ఆయన సెలవులో ఉన్నారు."

కమిషనర్ గారు ఆ నిబంధన ఎవడు రాశాడని అడగబోయి, నోరు మూసుకున్నారు. కాసేపటికి కాస్త మెత్తబడి, "పోనీ పెట్టె దించండి. గుర్రమెక్కి దిగిపోతాను" అన్నారు.

"సార్, బాట మధ్యలో పెట్టె దించితే గుర్రం పెట్టె లేని గుర్రం అవుతుంది."

"దించమన్నానా!"

ఆ కేకకు సన్నాయి కూడా ఆగింది. డొంబురు అప్పటికే తాళ్ళు విప్పుతున్నాడు. ఎవరి ఉత్తర్వూ అతనికి అంత ఇష్టంగా ఎప్పుడూ వినపడలేదు. పెట్టె నేల మీద దిగింది. దాంతోపాటు పెట్టె అడుగున అంటుకున్న చర్మం పొర కూడా లేచింది. మిరియం నాలుగు కాళ్ళూ ముడుచుకుని, మళ్ళీ నిలదొక్కుకుంది. ఎర్రటి పుండు మీద ఈగలు వాలాయి. చూస్తున్నవాళ్ళలో ఒకావిడ ముఖం తిప్పుకుంది.

కమిషనర్ గారు కూడా చూశారు. చూసి, వేరే దిక్కుకు చూసి, "ఎక్కించండి" అన్నారు.

"ఎక్కించను బాబూ" అన్నాడు డొంబురు.

అతని గొంతు పెద్దది కాదు. కాని బాట మీద అందరికీ వినపడింది.

"దిగుడులో మావు ఎవుల్నీ ఎక్కించం. మా తాత కాడ్నించీ అంతే. ఇంక ఈ పుండు మీద మీరు కాదు, దేవుడొచ్చినా ఎక్కించను. బిళ్ళ తీసీసుకుంటారా, తీసీసుకోండి."

పరాంకుశం గారు బిళ్ళ తీసుకోవడానికి చెయ్యి చాచారు కూడా. కాని మిరియం చెవులు వెనక్కి పెట్టింది. డొంబురుకు కళ్ళనీళ్ళు ఒక్కసారిగా వచ్చేశాయి. రెండు నెలల తరవాత అది మళ్ళీ కొరకబోయింది.

అతను తన దుప్పటి విప్పాడు. టీ బడ్డీ వాళ్ళు వెదురు నరికి తెచ్చారు. దుప్పటి రెండు కొసలూ వెదురుకు కట్టి, కమిషనర్ గారిని అందులో పడుకోబెట్టి, నలుగురు భుజాలకెత్తుకున్నారు. ఆ ఊళ్ళో జ్వరం వచ్చినవాళ్ళు, కాన్పు కష్టమైనవాళ్ళు ఏళ్ళ తరబడి అలాగే దిగుతున్నారు. దానికి ఏ శాఖా ఇంతవరకూ జాబితా రాయలేదు. ముందు డోలీ, వెనక సన్నాయివాళ్ళు, ఆ వెనక సీలు చెక్కుచెదరకుండా ఇద్దరు మోస్తున్న పెట్టె పక్కన కాపలాగా పరాంకుశం గారు. అందరికన్నా ముందు ఖాళీ వీపుతో మిరియం, దాని ముందు డొంబురు.

విచారణ జరిగింది. కమిషనర్ గారు కాలు స్టూలు మీద పెట్టుకుని అధ్యక్షత వహించారు. ఈసారి హైమవతమ్మ కాగితం కూడా చదివారు. పెట్టె మోసినందువల్ల గుర్రం వీపు పుండు పడిందని అందులో స్పష్టంగా ఉంది. సంఘం ఆ విషయాన్ని తీవ్రంగా తీసుకుంది. రెండు గంటలు ఆలోచించింది. పెట్టె, గుర్రం రెండూ కలిసి ఉండడమే ఈ బాధకు మూలమని తేల్చింది. రెండింటిలో ఒకదాన్ని తొలగించక తప్పదు.

పెట్టెను తొలగించే గడి ఫారంలో లేదు.

నెల తిరిగేలోగా బొండాగుడకు రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి డొంబురు పేరు మీదే వచ్చింది. పోస్టుమాను సంతోషంగా ఇచ్చి, చదివి కూడా పెట్టాడు. మూగజీవుల పట్ల దయతో, గుర్రపు స్వారీ బాటపై ఇకమీదట గుర్రాలను పూర్తిగా నిషేధించడమైనది. యాత్రలు మాత్రం యథాతథంగా సాగును. పెట్టెలను ఇకపై సంరక్షకులే మోయవలెను. జారీ అయిన నెంబరును ఖాళీగా ఉంచే అధికారం ఈ కార్యాలయానికి లేనందున, అశ్వం నెంబరు ఏడు బిళ్ళ సంరక్షకుడు కిల్లో డొంబురు మెడకు బదిలీ అయినది. నెంబరు ఏడు మోయదగిన గరిష్ఠ భారం మునుపటివలెనే డెబ్బై కిలోలు. ఇటీవలి అనుభవం దృష్ట్యా నూట పదమూడో వస్తువుగా డోలీ వెదురు చేర్చబడినది.

వెదురు నాలుగు కిలోలు. బోర్డు మీద పన్నెండు చెరిపి ఎనిమిది రాశారు. ఎనిమిది కిలోల రౌతు వస్తే ఎవరి మీద ఎక్కాలో బోర్డు చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"మానీయ్" అంది రస్మో. "మనకొద్దు."

"మానీస్తే బిళ్ళుండదు. బిళ్ళ నేకపోతే నానే బాట మీద నడవకూడదట. సంతకెలా ఎల్తాం?"

రస్మో తాళ్ళు తెచ్చి అతని ముందు పడేసింది.

ఇప్పుడు రోజూ పొద్దున డొంబురు పెట్టెను తాళ్ళతో వీపుకు కట్టుకుని బాట ఎక్కి దిగుతున్నాడు. వెనక పట్నం వాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని నడుస్తున్నారు. మధ్యాన్నం ఇల్లు చేరేసరికి మిరియం దడి దగ్గర నిలబడి ఉంటుంది. నున్నగా ఉంది. పుండు మాని, కొత్త వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. పోస్టుమానును రెండుసార్లు కొరికింది.

ఒక మధ్యాన్నం పెట్టె దించి చొక్కా విప్పుతుంటే, చొక్కా వీపుకు అంటుకుపోయింది. రస్మో నీళ్ళు తడిపి మెల్లగా లాగింది. ఇనుప మూల ఒరుసుకున్న చోట తోలు లేచి ఉంది. పెట్టె పక్కనే ఉంది. లోపల ముప్పై ఏడో వస్తువు ఉంది. పైన లక్క సీలు మెరుస్తోంది. రస్మో దానివైపు చూడను కూడా చూడకుండా లోపలికి వెళ్ళి, గుర్రానికి రాయగా మిగిలిన పసుపూ వేపనూనే ఉన్న చిప్ప తెచ్చింది.

మందు తగలగానే డొంబురు ఒళ్ళంతా జలదరించింది. మిరియం దడి మీంచి మెడ చాచి, అతని వీపు వాసన చూసి, వేడిగా ఒక్కసారి ఊదింది. డొంబురు దాని ముట్టె పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నీకు ఇంత నొచ్చిందని నాకు తెల్లేదే" అన్నాడు. "ఓర్చుకో అన్నాను. తొంబైతొమ్మిది సార్లు అన్నాను."

గేటు దగ్గర అలికిడయింది. పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. ముందు సీలు చూసుకున్నారు, బాగుంది. తరవాత చిప్ప చూశారు.

"ఏమిటమ్మా అది? జాబితాలో ఉందా?"

"గుర్రం మందు బాబూ" అంది రస్మో, రాయడం ఆపకుండా. "ఏడో నెంబరుకి రాత్తన్నాను."

పరాంకుశం గారు డొంబురు మెడలో బిళ్ళ చూసి, పుస్తకం తిరగేసి, అభ్యంతరం ఏమీ కనపడక తల ఊపారు. ఆ రోజు యాత్ర కూడా రిజిస్టరులో క్షేమంగానే నమోదైంది.